జనరేటర్ పరుశురాం, జపాన్ పెట్టె

సూరత్‌లో, ఉధ్నాలోని ఆ సాంచెల కార్ఖానాలో కరెంటు పోతే ముందు నిశ్శబ్దం వచ్చి పడేది. రోజంతా మరమగ్గాల మోతలో బతికే చెవులకు ఆ నిశ్శబ్దమే గుభేలుమనిపించేది. ఆ వెంటనే షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే కేక.

“పరుశురామన్నా!”

తెలంగాణ వాళ్ళు అన్నా అని, ఒడియా వాళ్ళు భాయ్ అని పిలిచేవాళ్ళు. సేఠ్ కూడా ఆఫీసు గది తలుపు సగం తీసి, “అరే పరశురామ్, జల్దీ!” అనేవాడు. పరుశురాం మాత్రం పరిగెత్తేవాడు కాదు. మెడ మీది గుడ్డతో చేతులు తుడుచుకుని, జనరేటర్ గదిలోకి నిదానంగా నడిచి, డీజిల్ పంపును నాలుగు ఒత్తులు ఒత్తి, తాళంచెవి తిప్పేవాడు. అది దగ్గి, గురగురమని, ఆఖరికి గోడలు అదిరేటట్టు అందుకునేది. లైట్లు వెలిగేవి. సాంచెలు కదిలేవి. పడుచు పోరగాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. అప్పుడు పరుశురాం, ఏ పనీ లేకపోయినా, షెడ్డు మధ్య నుంచి ఒకసారి నడిచి వచ్చేవాడు.

ఆ నడక చివర కండెలు చుట్టే ఆడవాళ్ళ గది ఉండేది. అతని భార్య ప్రమీల పని అక్కడే. పక్కనున్న ముసలి ఎల్లవ్వ ఆమె భుజం మీద తట్టి, “నీ మొగడు లేకుంటే మా బతుకులు చీకట్లనేనే పిల్లా” అనేది. ప్రమీల తల ఎత్తేది కాదు గానీ, దారం పట్టుకున్న వేళ్ళ దగ్గర ఆమె నవ్వుతున్నట్టు పరుశురాంకు తెలిసేది. ఆ పూట డిండోలిలో వాళ్ళ గదిలో కోడికూర వండితే మంచి ముక్కలన్నీ అతని గిన్నెలోకే వచ్చేవి.

సిరిసిల్ల పక్కనున్న పల్లె నుంచి వయసులో ఉండగా సూరత్ వచ్చినవాడు పరుశురాం. కొన్నాళ్ళు సాంచెలు నడిపి, మిషన్ల మీద ఇష్టంతో జనరేటర్ దగ్గర చేరాడు. అందరికీ కనబడే పని అదే అనిపించింది. తర్వాత ప్రమీల తమ్ముణ్ణి, సదానందాన్ని, తనే పిలిపించి సాంచెల మీద పెట్టించాడు. సదానందం మెత్తటి మనిషి. సాంచె మోటార్ల తీగలు కలపడం నేర్చుకున్నా, స్విచ్చు దగ్గర చిన్న మెరుపు మెరిసినా రెండడుగులు వెనక్కి వేసేవాడు. “నీ తమ్ముడు ఉత్త పిరికోడే” అని పరుశురాం నవ్వితే, ప్రమీల కూడా నవ్వేది. ఆ నవ్వు అతనికి బాగుండేది.

కార్ఖానా కప్పు మీద సేఠ్ అప్పటికే సోలార్ పలకలు వేయించాడు. మధ్యాహ్నం కావలసినదానికంటే ఎక్కువ కరెంటు పుట్టేది, సాయంత్రం అయ్యేసరికి ఏమీ ఉండేది కాదు. పైగా రెప్పపాటు కరెంటు పోయివచ్చినా సాంచెలు ఆగి, పోగులు తెగి, బట్ట మీద అడ్డంగా గీత పడేది. ఆ గీత పడ్డ బట్టకు బజారులో విలువ లేదు. ఎవరో చెబితే సేఠ్ ఒక జపాన్ బ్యాటరీ కంపెనీతో మాట్లాడాడు. వేసవి మొదట్లో లారీ మీద ఒక తెల్లటి పెట్టె వచ్చింది. ఓడల మీద సరుకు వేసే డబ్బా అంత ఉంది. క్రేన్ పెట్టి దాన్ని కండెల గది వెనక గోడ పక్కన దించారు. చుట్టూ జాలీ కట్టారు. పగటి ఎండను అది లోపల దాచుకుని, సాయంత్రం సాంచెలకు పెడుతుందని, లైన్ల కరెంటు పోయినా రెప్ప కొట్టకుండా అందుకుంటుందని అందరికీ చెప్పారు.

“ఎండను పెట్టెల దాస్తరా?” అంది ఎల్లవ్వ. “మా అత్త చెద్దర్లు దాసినట్టు?”

పరుశురాం దాని చుట్టూ తిరిగి చూశాడు. పొగగొట్టం లేదు. డీజిల్ ట్యాంకు లేదు. చెవి పెట్టి వింటే లోపల ఫ్యాను గాలి తప్ప ఇంకేమీ లేదు. ఇంత నోరులేని దాన్ని మిషన్ అని ఎట్లా అంటారో అతనికి అర్థం కాలేదు. అయినా దాన్ని చూసుకునే మనిషి ఒకడు కావాలి, ఆ మనిషి తనే అవుతాడని అతనికి ఏ అనుమానమూ లేదు. కంపెనీ వాళ్ళు వచ్చే రోజు పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

వచ్చిన జపాన్ ఇంజినీరు పేరు హోరికవా. పలచటి మనిషి. ఎదురైన ప్రతివాడికీ, చాయ్ తెచ్చినవాడికి కూడా, నడుము వంచి నమస్కారం పెట్టాడు. కరెంటు పనితో కొంచెం పరిచయం ఉన్నవాళ్ళను సేఠ్ వరుసగా నిలబెట్టాడు. హోరికవా అడిగిన ప్రశ్నను కంపెనీ గుజరాతీ ఇంజినీరు హిందీలో చెప్పాడు. పెట్టెలో నుంచి పొగ వస్తే ఏం చేస్తావు?

పరుశురాం ఛాతీ విరిచి చెప్పాడు. “తలుపు తీసి చూస్త సాబ్. జంకకుంట నీళ్ళు కొడత.”

హోరికవా తల ఊపి, నవ్వు ముఖంతోనే సదానందం వైపు తిరిగాడు. సదానందం గొంతు సగమే బయటికి వచ్చింది. “ముట్టుకోను సాబ్. అందర్ని దూరం పంపి, నేను గూడ దూరం పోయి, మీకు ఫోన్ చేస్త.”

ఎంపికైంది సదానందం. ఆ బ్యాటరీ మీద నీళ్ళు కొట్టకూడదని, దాని తలుపు కంపెనీ వాళ్ళు తప్ప ఎవరూ తీయకూడదని గుజరాతీ ఇంజినీరు తర్వాత అందరికీ వివరించాడు. పరుశురాం చెవికి అదేమీ ఎక్కలేదు. ఇన్నేళ్ళు మిషన్లో చేయి పెట్టి బాగుచేసినవాణ్ణి కాదని, చేయి పెట్టనన్నవాడికి పని ఇచ్చారు. భయపడినందుకు ఉద్యోగం ఇచ్చారు!

సదానందాన్ని బార్డోలీలోని ఒక చక్కెర మిల్లుకు పంపారు. అదే కంపెనీ పెట్టెలు అక్కడ ముందే పెట్టారు. పని నేర్చుకుని తిరిగి వచ్చిన రోజు అతను సరాసరి అక్క గదికే వచ్చాడు. ఒంటి మీద బూడిదరంగు కోటు, కాళ్ళకు బరువైన బూట్లు. కోటు జేబు మీద అతని పేరు ఇంగ్లీషులో, దాని కింద జపాన్ అక్షరాల్లో కుట్టి ఉంది.

ప్రమీల చేతులు కడుక్కుని, పైటకొంగుతో తుడుచుకుని, అప్పుడు ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. ఒక్కొక్క గీత మీదా నడిపించింది.

“ఇది నీ పేరేనా తమ్మీ? సదానందమని జపానోళ్ళు రాసిండ్రా?”

“అవునక్కా.”

“మన అవ్వ సూస్తే ఎంత మురుస్తుండెనో.”

పరుశురాం గోడకు ఆనుకుని కూర్చుని చూస్తూనే ఉన్నాడు. జనరేటర్ పొగకు నల్లబడ్డ తన చొక్కాలను ఆమె సబ్బు పెట్టి రుద్ది, బండకు బాదడమే అతను చూశాడు. ఏనాడూ వాటి మీద వేలు ఇట్లా నడిపించలేదు. “బూట్లు బయట ఇడువుమను, గదంత మన్నయితున్నది” అన్నాడు. ఆ పూట మంచి ముక్కలు సదానందం కంచంలోకి వెళ్ళాయి. చుట్టానికి పెట్టడం మర్యాదే. అది తెలిసి కూడా అతను సగం తిండిలోనే చేయి కడిగేసుకున్నాడు.

ఆ రోజు నుంచి పరుశురాం కరెంటు పోవాలని ఎదురుచూడసాగాడు. జనరేటర్‌ను ఇంకా తీసేయలేదు. పెట్టె ఎప్పుడైనా మొండికేస్తే ఉంటుందని సేఠ్ ఉంచాడు. పరుశురాం దానికి నూనె మార్చాడు, తుడిచాడు, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగాడు. మొదటిసారి కరెంటు పోయి పెట్టె చేతులెత్తేసిన రోజు తన పేరు మళ్ళీ షెడ్డంతా మోగుతుందని లోలోపల సంబరపడ్డాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి అవతల కార్ఖానాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ఫ్యాను ఆగింది. పరుశురాం ఆ రోజు నడవలేదు, ఉరికాడు. పంపు ఒత్తి, తాళంచెవి మీద చేయి వేసి, కేక కోసం చూశాడు. కేక రాలేదు. గోడ అవతల సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి. అతను షెడ్డు తలుపు దగ్గరికి పోయి, “కరెంట్ పోయింది!” అని అరిచాడు.

దగ్గరలో ఉన్న నేతగాడు తిరిగి చూశాడు. పైన వెలుగుతున్న లైటును చూసి, పరుశురాంను చూసి, “ఏమైందన్నా, పానం మంచిగ లేదా?” అన్నాడు.

జాలీ పక్కన కోటు వేసుకున్న సదానందం చిన్న తెర మీద ఏవో అంకెలు చూసుకుంటున్నాడు. చేయి కూడా కదపలేదు. ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ అతన్ని పిలవలేదు, కరెంటు పోయిన సంగతే ఎవరికీ తెలియదు. చేసిన పని ఎవరికీ తెలియకపోయినా వాడికి బాధ లేదు. పరుశురాంకు అదే ఎక్కువ మంటెత్తించింది.

కొన్నాళ్ళకు ఇద్దరూ కలిసి చాయ్ తాగుతుంటే సదానందం తనంతట తానే పెట్టె గురించి చెప్పాడు. బావకు అన్నీ చెప్పడం అతనికి మొదటి నుంచీ అలవాటు.

“బయట ముట్టుకుంటే సల్లగనే ఉంటది గని బావా, లోపల మూడు వందల డిగ్రీలు వేడి. సోడియమని ఓ లోహం, గంధకం, రెండు కరిగి ఉంటయి. నడుమ మట్టితో కాల్సినసొంటి గొట్టం. సోడియానికి నీళ్ళు తగులొద్దు. అందుకే గట్టిగ మూసి పెడుతరు, వాన పడ్డా సుక్క లోపలికి పోదు. గీ ముచ్చట ఎవలకు చెప్పకు, సగం విని భయపడుతరు.”

పరుశురాం సగమే చెప్పాడు. మర్నాడు అదే హోటల్లో, అడిగినవాడికీ అడగనివాడికీ, “లోపల గంధకం మండుతున్నదట, సుక్క నీళ్ళు పడితే ఇగ అంతేనట” అన్నాడు. గట్టిగా మూసి ఉంటుందన్న మాట మింగేశాడు. రెండు రోజులు తిరిగి ఆ మాట మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది, జపాన్‌లో ఇట్లాంటి పెట్టె పగిలి ఊరు ఊరే కాలిపోయిందట అని. అది తను అనలేదు. కాదని కూడా అనలేదు. సదానందం జాలీ దగ్గరికి వస్తుంటే ఆడవాళ్ళు పక్కకు తప్పుకోవడం చూసి అతనికి ఒకలాంటి హాయి కలిగింది.

తొలి వాన పట్టపగలే వచ్చింది. రేకుల కప్పు మీద రాళ్ళు గుమ్మరించినట్టు పడింది. ఎండకు కాగి ఉన్న గోడల మీద, పెట్టె పైకప్పు మీద చినుకులు తగిలి సన్నగా ఆవిరి లేచింది. కండెల గది కిటికీలోంచి అది చూసి ఎవరో, “పెట్టె అంటుకున్నది!” అని కేక పెట్టారు. ఆడవాళ్ళు కండెలు, చెప్పులు, టిఫిన్లు అన్నీ వదిలి తలుపు మీద పడ్డారు. గడప దగ్గర ఎల్లవ్వ కాలు జారింది. ఆమె చేతిని తొక్కుకుంటూ ఇద్దరు దాటారు. సాంచెల మీది మగవాళ్ళు కూడా పని ఆపి బయటికి ఉరికారు. అందరూ గేటు దగ్గర తడుస్తూ నిలబడిపోయారు.

సదానందం ఒక్కడే పెట్టె వైపు పోయాడు. తెర చూసుకున్నాడు. తర్వాత జాలీ తలుపు తీసి లోపలికి నడిచి, పెట్టెకు వీపు ఆనించి, రెండు అరచేతులూ దానికి ఆనించి నిలబడ్డాడు. వాన అతని నెత్తి మీద నుంచి ధారగా కారుతోంది. “సూడుండ్రి!” అని అరిచాడు. ఇంత గొంతు అతనికి ఉందని ఎవరికీ తెలియదు. “ఏం గాదు! సల్లగుంది!”

ఎవరూ కదల్లేదు. అప్పుడు ప్రమీల గుంపులోంచి బయటికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, బురదలో నడిచి, తమ్ముడి పక్కన అదే పెట్టెకు వీపు ఆనించి నిలబడింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తడిసి ముద్దయ్యారు.

జనరేటర్ గది గుమ్మంలో నుంచి పరుశురాం అది చూశాడు. తను పుట్టించిన మాట తప్పని తేలినందుకు కాదు అతనికి మండింది. పెళ్ళయినప్పటి నుంచి ప్రమీల తన పక్కన ఇట్లా అందరి ముందూ ఏనాడైనా నిలబడిందా అని మండింది. తన కోసం నిలబడాల్సిన అవసరం ఏనాడూ రాలేదన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఎల్లవ్వను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది పరుశురామే. మణికట్టు విరిగింది. డాక్టరు పట్టీ చుడుతుంటే ముసలామె నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ, “గా మాట పుట్టిచ్చినోని నోట్ల మన్ను పడ!” అని తిట్టింది. మళ్ళీ అతని చేయి పట్టుకుని, “నువ్వు సల్లగుండాలె కొడకా” అంది. పరుశురాం చేయి విడిపించుకుని, మందుల చీటీ పట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు సదానందం జనరేటర్ గదికి వచ్చాడు. కోటు ఇంకా ఆరలేదేమో, మామూలు చొక్కాలో ఉన్నాడు. పాత డ్రమ్ము మీద కూర్చున్నాడు.

“బావా, గంధకం ముచ్చట నేను నీకొక్కనికే చెప్పిన.”

పరుశురాం పానాను గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

“అక్కకు చెప్పలే. చెప్ప గూడ” అన్నాడు సదానందం.

“ఎందుకు చెప్పవు? చెప్పుకో.” గొంతు పెంచాడు పరుశురాం. “నీ కోటు సూసుకుంట మురుస్తది గదా, నీ పేరు మీద ఏలు రాసుకుంట! నేను ఇన్నేండ్లు గీ పొగ మింగిన. ఒక్కనాడన్న గట్ల సూసిందా నన్ను?”

సదానందం నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

“నీకెట్ల తెలుస్తది బావా, నువ్వు అప్పుడు గీ గదిల ఉంటివి. కరెంట్ పోంగనే అందరు నీ పేరే వట్టి ఒర్లుతుంటే, నేను ఆగిన సాంచె ముంగట పోగులు అతుక్కుంట కూసునేటోన్ని. జనరేటర్ లేస్తే అక్క మొకం సూడాల్సింది. నేను సూసేటోన్ని. నా కడుపుల నిప్పులు పోసినట్టుండేది. ఒక్కసారన్న గది లేవకుంట పాడైపోతే బాగుండని ఎన్నిసార్లు అనుకున్ననో.”

పరుశురాం చేతిలో గుడ్డ ఆగింది.

“నువ్వా?”

“నేనే.”

“నన్ను సూసి కుళ్ళుకున్నవా?”

“మస్తు.”

పరుశురాం పానా కింద పెట్టాడు. అతని ముఖంలోకి సిగ్గు రావాల్సిన చోట ఏదో వెలుగు వచ్చింది. దాన్ని దాచుకోలేకపోయాడు. “ఎప్పటి సంది?” అని అడిగాడు.

“వచ్చిన కాడి సంది.”

“మొకం ఎట్ల పెట్టేది మీ అక్క? జర చెప్పు.”

సదానందం నిజంగానే నవ్వాడు. చెప్పాడు. కండెలు చుట్టడం ఆపి, మెడ చాచి తలుపు వైపు చూసేదని, పరుశురాం కనబడగానే ఏమీ ఎరగనిదానిలా మళ్ళీ దారం పట్టుకునేదని చెప్పాడు. పరుశురాం దాన్ని రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. సదానందం లేచి పోతూ పోతూ, “ఎల్లవ్వ పట్టీ ఇప్పేదాక నీళ్ళు నువ్వే తేవాలె బావా” అన్నాడు.

పరుశురాం తెచ్చాడు. డిండోలి గల్లీలో రెండు బకెట్లు పట్టుకుని ఆమె గదికి మెట్లెక్కుతుంటే ఎల్లవ్వ ఎదురైనవాళ్ళందరికీ, “కన్నకొడుకు గూడ గింత చెయ్యడు” అని చెప్పేది. ఆ మెప్పు ఒంటి మీద కారం చల్లినట్టుండేది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. బకెట్లు దించి, “ఇంక ఏమన్న కావాల్నా అవ్వా?” అని దిగిపోయేవాడు.

వానలు వెళ్ళాక సేఠ్ జనరేటర్‌ను పెళ్ళి పందిళ్ళు వేసే ఒకతనికి అమ్మాడు. నడపడానికి మనిషి కూడా కావాలని అతను అడిగితే పరుశురాం మిషన్‌తోపాటే వెళ్ళాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళ రోజుల్లో అతనికి ఒక్క పూట తీరిక ఉండదు. బ్యాండు మేళం వాళ్ళతో, లైట్లు మోసేవాళ్ళతో కలిసి తింటాడు. పెళ్ళికొడుకుల తండ్రులు అతని చుట్టూ తిరుగుతారు.

ఈ మధ్య కంపెనీ సదానందాన్ని మళ్ళీ బార్డోలీ పంపింది, ఈసారి కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడానికి. ఆ సంగతి ప్రమీల అన్నం పెడుతూ చెప్పింది. పరుశురాం ముద్ద కలుపుతూ ఆగాడు.

“నాకు కడుపుల మండుతున్నదే” అన్నాడు.

“పచ్చిమిరపకాయ కొరికినవా?”

“కాదు. నీ తమ్ముణ్ణి సూసి.”

ప్రమీల అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో అతను తనకు అట్లాంటి మాట చెప్పడం అదే మొదలు. లేచి, చెంబులో మజ్జిగ పోసి, ఉప్పు వేసి కలిపి, అతని ముందు పెట్టి, తాగేదాకా పక్కనే కూర్చుంది.